మా ఆపా ఒప్పుకోని ముగింపు

పోయిన నెల ఒక సోమవారం పొద్దున, బడిలో ప్రార్థన జరుగుతుండగా ఫోన్ వచ్చింది. జనగామ నుంచి ఆపా తమ్ముడు. "అక్కా, ఆపా పోయింది" అన్నాడు. ఆ తర్వాత ఏడ్చాడో, సిగ్నల్ పోయిందో, నాకేమీ వినిపించలేదు. నేనుండేది భూపాలపల్లి దగ్గర చెల్పూర్‌లో, కరెంటు ప్లాంటు గొట్టాలు కనిపించే వీధిలో. అక్కడి బడిలో పిల్లలకు లెక్కలు చెబుతాను. సెలవు చీటీ రాసిచ్చి, బస్సులు మారి మహబూబాబాద్ చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఆమెను జనగామ నుంచి తెచ్చి, స్నానం చేయించి, జనాజా లేపి అప్పటికే అరగంట అయిందట. ఆఖరి చూపు దక్కలేదు. గడపలో నిలబడి బస్సును తిట్టాను, రోడ్డును తిట్టాను, చివరికి నన్ను నేను తిట్టుకున్నాను.

ఆమె గురించి ఏ పేపరులోనూ రాలేదు. రాదని కూడా తెలుసు. అందుకే నేనే రాస్తున్నాను.

ఆమె నాకు రక్తసంబంధం కాదు. మానుకోటలో (మహబూబాబాద్‌ను మేము అట్లాగే అంటాము) మా ఇంటికీ వాళ్లింటికీ నడుమ గోడ ఒకటే. వాళ్లింట్లో ఉర్దూ, మా ఇంట్లో తెలుగు, గోడ మీదుగా రెండూ. అక్క అనాల్సిన చోట వాళ్ల మాటలో ఆపా అన్నాము. అదే వాడకట్టంతటికీ ఆమె పేరైపోయింది. క్యాసెట్ల ఆపా. ఇప్పటి పిల్లలకు క్యాసెట్ అంటే ఏమిటో చెప్పాలి కాబట్టి చెబుతున్నాను: పుస్తకమంత నల్ల డబ్బా, లోపల టేపు, ఆ టేపులో సినిమా. ఆమె తన ముందు గదిలో వాటిని అద్దెకిచ్చేది. పెళ్లి కాని ఆడమనిషి వీడియో షాపు పెట్టడమేమిటని వాళ్ల పెద్దమనుషులు ఇద్దరూ, మా వాళ్లలో ఒకాయనా కూడబలుక్కుని వచ్చి చెప్పి చూశారు. ఆపా ముగ్గురికీ చాయ్ పోసింది. "మీ ఇండ్లల్లకు పోయిన క్యాసెట్లు ఇంక వాపస్ రాలే, జర యాది చెయ్యుండ్రి" అన్నది. వాళ్లు చాయ్ తాగి వెళ్లిపోయారు, మళ్లీ ఆ ఊసెత్తలేదు.

మధ్యాహ్నాలు ఆ గది ఆడవాళ్లది. మా వైపు మిర్చి ఎక్కువ. పంట దిగిన రోజుల్లో వ్యాపారులు బస్తాలు ఇళ్లకే పంపి తొడిమెలు తీయించేవాళ్లు. చేతులకు పని ఉంది, కళ్లకు లేదు. ఆపా టీవీ పెట్టేది. ఎనిమిది పది మంది ఎర్రటి కుప్ప చుట్టూ కూర్చుని, మూతికి కొంగు కట్టుకుని, తుమ్ముతూ దగ్గుతూ సినిమా చూసేవాళ్లు. ఏ సినిమా చూసినా బయటికొచ్చేటప్పుడు అందరి కళ్లూ ఎర్రబడి ఉండేవి. "నవ్వులాట సినిమా అన్నరు గద, గింతగనం ఏడ్చిన్రేంది?" అని మా నాయిన ఒకసారి మా అమ్మను అడిగాడు.

ఆపా చిన్నప్పుడు డోర్నకల్‌లో చర్చి వాళ్ల బడిలో చదువుకుంది. ఇంగ్లీషు కొంత వచ్చు, హిందీ బాగా వచ్చు. ఆ భాషల సినిమా పెట్టినప్పుడు టీవీ పక్కన స్టూలు వేసుకుని తెలుగులో చెప్పేది. మా తెలుగులో. ఆ రోజుల్లో సినిమాల్లో మా మాట దొంగ నోట్లోనో, పనివాడి నోట్లోనో, నవ్వించడానికి పెట్టినవాడి నోట్లోనో తప్ప వినిపించేది కాదు. ఆపా తెల్లదొరసానుల చేత, రాజుల చేత, జడ్జీల చేత మా మాటే మాట్లాడించింది. బ్యాంకు మేనేజరు గారి భార్య ఒకామె, కోస్తా నుంచి కొత్తగా వచ్చిన మనిషి, ఒక రోజు పకపకా నవ్వి, "మహారాణి 'ఏడవోతున్నవ్‌రా' అంటుందా అండీ?" అన్నది. ఆపా సినిమా ఆపింది. "ఆమె మీ లెక్క సుత మాట్లాడదు గదమ్మా. ఇంగ్లీషుల మాట్లాడుతది. తెలుగు నేను పెడుతున్న, నా దగ్గరున్నది గిదే" అన్నది. మేనేజరు గారి భార్య ముఖం ఎర్రబడింది. మరుసటి వారం మాత్రం ఆమే అందరికన్నా ముందు వచ్చి కూర్చుంది.

ఆపాకు ఒక పద్ధతి ఉండేది. ఏదైనా మాట అర్థం కాకపోతే ఊహించి చెప్పేది కాదు. "గిప్పుడు ఏందో అన్నడు, నాకు సమజ్ కాలే" అనేది. మొదట్లో ఆడవాళ్లు విసుక్కున్నారు. ఏదో ఒకటి చెప్పరాదా, మాకేమన్నా తెలుస్తుందా అన్నారు. "మీకు తెల్వదనే చెప్తలేను" అనేది ఆమె.

ఇక ఆ ఆస్ట్రేలియా సినిమా సంగతి. డోర్నకల్‌లో రైల్వే డ్రైవరుగా చేసి రిటైరైన ఒకాయన ఇల్లు ఖాళీ చేస్తూ తన క్యాసెట్లన్నీ ఒక గోనెసంచిలో కట్టి ఆపాకు ఇచ్చేశాడు. వాటిలో ఒకదానికి అట్టా లేదు, పేరూ లేదు. ఆపా దాన్ని ఖాళీ టేపు అనుకున్నది. ఆ వారమే మా వాడకట్టులో కిరాణం అవ్వ కొడుకు పెళ్లి వీడియోకు ఇంకో కాపీ కావాలంటే, ఆ టేపును వెనక్కి తిప్పకుండా, ఆగి ఉన్న చోటి నుంచే దాని మీద ఎక్కించడం మొదలుపెట్టింది. ఐదు నిమిషాలకు అనుమానం వచ్చి ఆపి, వెనక్కి తిప్పి చూస్తే, పెళ్లికి ముందంతా ఒక సినిమా ఉంది. పాతది, ఎవరూ విననిది. మొదట్లోనే ఆస్ట్రేలియా అని రాసి ఉంది.

మరుసటి మధ్యాహ్నమే దాన్ని మాకు పెట్టింది. ఆ కథ నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. చెట్టూ చేమా లేని ఎర్రమట్టి నేల. నడుమ ఒక చిన్న రైల్వే స్టేషను. రోజుకొక బండి. స్టేషన్ మాస్టరు, ఆయన భార్య, ఇద్దరు గ్యాంగ్‌మన్లు. ఒక మధ్యాహ్నం ఆ భార్య ఇంటి వెనక ఆరేసిన దుప్పట్లు తీసుకురావడానికి వెళ్తుంది, తిరిగి రాదు. మిగతా సినిమా అంతా వెతకడమే. గుర్రాల మీద వెతుకుతారు, ట్రాలీ మీద వెతుకుతారు. మాటలు చాలా తక్కువ. గాలి చప్పుడు, ఈగల చప్పుడు, నీళ్లట్యాంకు నుంచి బొట్టు బొట్టు కారే చప్పుడు. మా ఆడవాళ్లు ఆమెకు మాస్టరమ్మ అని పేరు పెట్టారు. మాది రైళ్ల ఊరు, పైగా ఏప్రిల్ ఎండలు. ఆ సినిమాలో ఉక్కపోత ఎవరికీ కొత్త కాదు. సగం సినిమా అయ్యేసరికి తొడిమెలు తీయడం కూడా మరిచిపోయారు.

చివర్లో మాస్టరు ఒంటరిగా ప్లాట్‌ఫారం మీద నిలబడతాడు. బండి వస్తుంది, ఎవరూ దిగరు, బండి వెళ్లిపోతుంది. పట్టాలు. గాలి. తెర మీద ఒక్క క్షణం చీమలు పరిగెత్తినట్టు చుక్కలు వచ్చాయి. ఆ వెంటనే కిరాణం అవ్వ కొడుకు పెళ్లి భోజనాలు! మా చిన్నాయిన పంచె ఎగగట్టి బకెట్‌తో పప్పుచారు పోస్తున్నాడు.

గదంతా గొల్లుమంది. "ఆపా, ఆఖరిది కొట్టేసినవ్! మా పెండ్లి ఎక్కిచ్చి గా ముచ్చట కొట్టేసినవ్!" అని కిరాణం అవ్వే ముందుగా అరిచింది.

"కొట్టెయ్యలే. సినిమా అయిపోయినంకనే పెండ్లి ఎక్కింది" అన్నది ఆపా.

"అయిపోవుడేంది? మాస్టరమ్మ ఏడవోయింది మరి?"

"తెల్వది. దొరకలే. గంతే."

"దొరకకపోతే సినిమా ఎట్లయితది? లేచిపోయుంటది. గా రెండో గ్యాంగ్‌మన్ తోని లేచిపోయుంటది, నేను వాని చూపు చూసిన" అన్నది కిరాణం అవ్వ.

ఆపా లేచి టీవీ కట్టేసింది. "ఎట్ల తెలుసు నీకు? చూసినవా?" అని అడిగింది. గట్టిగా కూడా అడగలేదు. గదిలో అందరూ తలలు దించుకుని మిరపకాయలు అందుకున్నారు. ఎందుకంటే ఆ అడిగింది మాస్టరమ్మ గురించి మాత్రమే కాదని అక్కడున్న అందరికీ తెలుసు.

ఆపాకు ఒక చెల్లె ఉండేది. పందొమ్మిదేళ్ల పిల్ల. అంతకు రెండేళ్ల ముందు ఒక మధ్యాహ్నం పెద్దవంగరలో ఉన్న మేనత్త ఇంటికని బస్సెక్కింది. పెద్దవంగరలో దిగిందని కండక్టరు చెప్పాడు. బస్సు ఆగే చోటు నుంచి మేనత్త ఇంటికి ఐదు నిమిషాల నడక. ఆ ఐదు నిమిషాల్లో ఏమైందో ఇవాళ్టికీ ఎవరికీ తెలియదు. పోలీసులు వెతికారు, బావులు చూశారు, ఆపా దర్గాలన్నీ తిరిగింది. వాళ్లమ్మ ఆ దిగులుతోనే పోయింది. వాడకట్టు మాత్రం ఆ పిల్లకు మూడు ముగింపులు రాసి పెట్టుకుంది. ఎవరితోనో వెళ్లిపోయిందని కొందరు, ఏదో తప్పు చేసి బావిలో పడిందని కొందరు, ఇంట్లోవాళ్లే ఏదో చేసి దాచారని కొందరు. ఎవరు చెప్పిన కథలో చూసినా తప్పు ఆ పిల్లదో, వాళ్లింటిదో అయ్యేది. ఆపాను ఎవరైనా అడిగితే ఒకటే మాట: "తెల్వది." అడిగినవాళ్లకు అది చాలేది కాదు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. చెప్పకుండా ఈ నాలుగు మాటలు రాసే అర్హత నాకు లేదు. అప్పుడు నాకు పద్నాలుగేళ్లు. ఆపా సాయంత్రాల్లో అరుగు మీద కూర్చుని బస్సు దిగి వచ్చేవాళ్ల ముఖాలు చూడటం నేను రోజూ చూసేదాన్ని. ఆమె ముఖంలో సంతోషం చూడాలనిపించింది. అంతకు మించి నా బుర్రలో ఏమీ లేదు. ఒక రోజు డోర్నకల్ నుంచి వచ్చి, "ఆపా, చిన్నాపాను చూసిన. జంక్షన్ల, అవుతలి ప్లాట్‌ఫారం మీద. పచ్చ దుపట్టా ఏసుకుంది" అని చెప్పాను. ఆపా ఆ రోజే షాపుకు తాళం వేసింది. మూడు రోజులు డోర్నకల్‌లో చాయ్ అమ్మేవాళ్లను, కూలీలను, చర్చి దగ్గర కూర్చునేవాళ్లను, అందరినీ అడిగింది. నాలుగో రోజు తిరిగొచ్చి, మా పెరట్లో బట్టలుతికే బండ మీద కూర్చుని నన్ను పిలిచింది.

"నువ్వు నిజంగ చూసినవా, నా కోసం చూసినవా?"

నేను ఏడుపు అందుకున్నాను. కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. "నా మీద పావురంతోనే, ప్రేమతోనే చెప్పినవ్, నాకెరుకే" అన్నది. "గని బిడ్డా, లేని కబురు తేకు. నువ్వు గట్ల చెప్తే నేను నా చెల్లెను ఇడిసిపెట్టి, నువ్వు చెప్పిన పిల్లను దేవులాడుకుంట తిరుగుత. మూడు దినాలు గదే చేసిన." తర్వాత నా ముక్కు తన కొంగుతో తుడిచి, షాపు తెరవడానికి వెళ్లింది. ఈ మాట మా అమ్మకు కూడా చెప్పలేదు. నేను లెక్కల టీచరునయ్యాను, ప్రతి లెక్కకూ జవాబు ఉండాలని పట్టుబట్టే మనిషిని. కానీ రాని లెక్కకు ఏదో ఒక అంకె వేసి తెచ్చిన పిల్లను మాత్రం కూర్చోబెట్టి మాట్లాడుతాను. అది ఆమె దగ్గర నేర్చుకున్నదే.

ఆమెవి చిన్న చిన్న అలవాట్లు చాలా ఉండేవి. దూదికి స్పిరిట్ అద్ది వీసీఆర్ లోపల తుడిచేది, పసిపిల్ల చెవి తుడిచినంత మెత్తగా. చాయ్‌లో చక్కెర తక్కువైతే చెప్పేది కాదు, ఎక్కువైతే మాత్రం ఊరుకునేది కాదు. టేపు వెనక్కి తిప్పకుండా తెచ్చిన వాళ్లను అక్కడే కూర్చోబెట్టి వాళ్ల చేతనే తిప్పించేది, వచ్చింది ఎస్సై గారి ఇంటి మనిషైనా సరే. ఆ ఆస్ట్రేలియా సినిమాను ప్రతి ఎండాకాలం ఒకసారి పెట్టేది. కొత్త కోడళ్లు వచ్చి చూసేవాళ్లు, చివర్లో అదే గొడవ. ఆఖరిది ఆపా కొట్టేసిందనే మాట వాడకట్టులో స్థిరపడిపోయింది. "కొట్టెయ్యలే. గంతే" అని ఆమె ఎన్నిసార్లు చెప్పి ఉంటుందో లెక్కలేదు. కనీసం మాస్టరుకు కలలో మాస్టరమ్మ కనిపించిందనో, ఉత్తరం వచ్చిందనో ఏదైనా కలిపి చెప్పు, అందరూ సంతోషిస్తారు అని నేనే ఒకసారి అన్నాను. నా వైపు ఒక చూపు చూసింది. నాకు బట్టలుతికే బండ గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

తర్వాత కేబుల్ టీవీ వచ్చింది, సీడీలు వచ్చాయి, అవీ పోయి ఫోన్లు వచ్చాయి. షాపు మూతపడింది. ఆ టేపుకు బూజు పట్టి ఒక రోజు వీసీఆర్‌లోనే చుట్టుకుని తెగిపోయింది. పెళ్లి భోజనాలు కూడా దాంతోనే పోయాయి.

రెండేళ్ల క్రితం మా అమ్మాయి ఫోన్‌లో ఏదో చూస్తూ, "అమ్మా, నువ్వు చెప్పే దుప్పట్ల సినిమా ఇదేనా?" అన్నది. అదే. ఎక్కడో దాని అసలు రీళ్లు దొరికితే గీతలు, మచ్చలు అన్నీ తీసి శుభ్రం చేసి, ఇంట్లో చూసుకోవడానికి డిస్కుగా తెచ్చారట. మంచి అట్టపెట్టె, లోపల చిన్న పుస్తకం. తెప్పించాను. మా ఇంట్లో మూలన పడి ఉన్న పాత ప్లేయరు దాన్ని మింగినట్టే మింగి బయటికి కక్కింది. అది బ్లూరే, దీనికి వేరే ప్లేయరు కావాలి అని మా బడి కంప్యూటరు సారు నవ్వి, తన దగ్గరున్నది ఇచ్చాడు. దాన్ని తువ్వాలులో చుట్టి, ఒళ్లో పెట్టుకుని మానుకోట పోయాను. ఇన్నేళ్ల తగువు ఇవాళ తేలిపోతుంది. ఆపా మాట నిజం కాకపోతే? టేపులో పోయిన ఐదు నిమిషాలు ఇందులో ఉంటే? మాస్టరమ్మ ఎక్కడో దొరికి ఉంటే?

ఇద్దరమే కూర్చున్నాము, అదే ముందు గదిలో. బొమ్మ రాగానే ఆపా స్టూలు ముందుకు జరుపుకుంది. టేపులో అంతా మసకగా, ఇటుకపొడి రంగులో ఉండేది. ఇందులో మనిషి మెడ మీద చెమట కూడా తెలుస్తోంది. "అయ్యో, ఆమెది ఎర్ర గౌను అని చెప్పిన గద ఇన్నేండ్లు. పచ్చది! ఎంతమందికి తప్పు చెప్పిన్నో" అని తెగ బాధపడింది. దుప్పట్ల వెనక, దూరంగా ఎండలో ఏదో కదిలింది. మునుపెన్నడూ చూడనిది. మూడుసార్లు వెనక్కి తిప్పి చూశాము. మనిషో, మేకో, వేడికి గాలి కదలడమో. "తెల్వది" అన్నది ఆపా, "తెల్వది" అన్నాను నేను.

చివర్లో బండి వచ్చింది, ఎవరూ దిగలేదు, వెళ్లిపోయింది. పట్టాలు. గాలి. నల్ల తెర మీద పేర్లు మొదలయ్యాయి. సినిమా అంతే! నేను చిన్నపిల్లలా లేచి చప్పట్లు కొట్టాను. "ఆపా, నువ్వు చెప్పిందే! ఏం కొట్టెయ్యలే నువ్వు!"

ఆపా కళ్లు తుడుచుకుంటోంది. మిర్చి లేదు ఆ రోజు. "నాకు మాత్రం ఏం ఎరుక?" అన్నది. "పెండ్లి యాడికెల్లి ఎక్కిందో నేను చూడలే. కొట్టేసిన్నేమోనని గిన్నేండ్లు లోపట్లోపట భయపడ్డ. జిందగీల తెల్వనిదాన్ని తెల్సినట్టు చెప్పింది గదొక్కటే. గదీ నిజమైంది, సూడు." అని నవ్వింది. ఆమె అంత హాయిగా నవ్వడం నేను చూడటం అదే మొదలు. మనిషి పూర్తిగా తెలుసు అనుకుంటాము గానీ, ఆమె కూడా భయపడుతూనే నిలబడిందని తెలిశాక నాకు ఆమె మీద ప్రేమ ఇంకా పెరిగింది.

అంతలో నా కళ్లు తెర మీద పడ్డాయి. డిస్కులో అదనంగా ఇచ్చిన వాటి పట్టీ వచ్చింది. అందులో ఒకటి: వాడని ముగింపు. సినిమా తీసేటప్పుడు ఇంకో ముగింపు కూడా తీశారట, తీసినాయన దాన్ని వద్దని పక్కన పెట్టేశాడట. పెట్టెలోని పుస్తకంలో రాసి ఉంది. ఒక్క మీట నొక్కితే మాస్టరమ్మ ఏమైందో తెలిసిపోతుంది. "ఆపా, చూద్దామా?" అన్నాను. నా వేలు మీట మీదే ఉంది.

ఆమె రిమోట్ నా చేతిలోంచి తీసుకుంది. "ఆయననే వద్దని పారేసిండు గద."

"అయినా సరే, తెల్సుకుందాం."

"ఏం తెల్సుకుంటవ్? గిది దొరికింది గాదు, కుట్టి పెట్టింది. నిజం ఏడన్న ఉన్నదంటే చెప్పు, గీ మోకాళ్లతోనే నడ్సుకుంట పోయి తెచ్చుకుంట. కుట్టింది నాకొద్దు." ప్లేయరు కట్టేసి, వంటింట్లోకి వెళ్లి చాయ్ పెట్టింది. ఆ ముగింపు నేను ఇప్పటికీ చూడలేదు. డిస్కు నా బీరువాలోనే ఉంది. చూడను.

పోయిన ఏడాది ఆమెకు కిడ్నీలు చెడిపోయాయి. తమ్ముడు జనగామ తీసుకుపోయి తన ఇంట్లోనే పెట్టుకున్నాడు. ఆటోలో దవాఖానకు తిప్పాడు, చేతులతో ఎత్తి పడుకోబెట్టాడు. ఇది నేను కళ్లారా చూశాను. అతన్ని చెడ్డవాడనడం నాకు ఇష్టం లేదు. అయితే మానుకోట ఇల్లు అమ్ముదామని అతనికి ఎప్పటి నుంచో ఉంది. ఇల్లు తల్లి పేరు మీద ఉంది, ముగ్గురు పిల్లలకూ హక్కు ఉంది. చెల్లె లేదని కాగితం పుట్టిస్తే పని సులువు. ఆపా సంతకం పెట్టలేదు. "ఇల్లు అమ్ముకో, నేను ఒద్దంటలేను. గని అది సచ్చిపోయిందని నా చేతులతోని రాయ" అన్నది. మంచం మీద ఉండి, చేతికి సూది ఉండి, అదే మాట. నేను చివరిసారి చూసినప్పుడు ఆమె గొంతు బాగా తగ్గిపోయింది, మాట మాత్రం తగ్గలేదు.

మూడో రోజు జియారత్‌కు వాళ్లింట్లో అందరమూ చేరాము. చదవాల్సినవి చదివారు, పూలు పంచారు. మగవాళ్లు బయటికి వెళ్లాక తమ్ముడు ముందు గదిలోకి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. చేతిలో కాగితం. అతని కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"అక్కా, ఇరుగుపొరుగోళ్లు ఐదుగురు సంతకం పెడితే చాలంట. నువ్వొకటి పెట్టు."

చదివాను. ఆ పిల్ల పేరు రాసి, ఆమె చాలా ఏళ్ల కిందటే మరణించినట్లు పొరుగువారమైన మాకు తెలుసు అని ఉంది. కింద సంతకాలకు ఐదు గీతలు.

"నాకు తెల్వది తమ్మీ."

"ఉత్త కాగితం అక్కా గిది."

"ఉత్త కాగితమైతే తెల్వదనే రాద్దాం."

"గట్ల రాస్తే కోర్టుకు పొమ్మంటరు. ఏండ్లు వడ్తది." అతని గొంతు పెరిగింది. "ఆపా సుత పోయింది. ఇగ ఎవలి కోసం ఆపుతున్నవ్?"

నాకు కోపం వచ్చింది. దుఃఖం కూడా వచ్చింది, కానీ ముందు కోపమే వచ్చింది. ఒక మనిషి బస్సు దిగి ఐదు నిమిషాలు నడిచింది. అంతవరకే తెలుసు మనకు. మిగతాది రాయడానికి మనమెవరం? "ఎవరి కోసమేంది, గా పిల్ల కోసం. ఆమె దిక్కు ఒక్క మనిషన్న ఉండొద్దా ఈడ?" అన్నాను. అతని జేబులోంచి పెన్ను నేనే తీసుకున్నాను. 'మరణించినట్లు', 'మాకు తెలుసు' రెండూ కొట్టేశాను. పైన రాశాను: ఆమె ఎక్కడ ఉన్నదో మాకు తెలియదు. కింద మొదటి గీత మీద సంతకం పెట్టాను.

గోడకు ఆనుకుని కూర్చున్న కిరాణం అవ్వ కళ్లు చికిలించి చూసింది. ఎనభై దాటింది ఆమెకు, చదువు రాదు. "ఏమని రాసినవ్ బిడ్డా?"

"ఆమె ఏడున్నదో మాకు తెల్వదని రాసిన అవ్వా."

అవ్వ కాగితం దగ్గరికి జరిగింది. "గదైతే నిజమే" అని కుడిచెయ్యి ముందుకు చాపింది, బొటనవేలు పైకెత్తి.

తమ్ముడు ఆ వేలినీ నన్నూ మార్చి మార్చి చూశాడు. తిడతాడనుకున్నాను. చాలాసేపటికి తను తెచ్చుకున్న కవరులోంచి నల్ల సిరా ప్యాడు తీసి, మూత తెరిచి, అవ్వ ముందు పెట్టాడు. ఫ్యాను గాలికి కాగితం ఎగరకుండా రెండు చేతులతో అదిమి పట్టుకున్నాడు. అవ్వ వేలు ఒత్తింది. ఇంకా మూడు గీతలు ఖాళీగా ఉన్నాయి. గడప దగ్గర చెప్పులు విప్పుతూ వాడకట్టు ఆడవాళ్లు ఒక్కొక్కరే లోపలికి వస్తున్నారు.